నానమ్మ కొత్త భాష

మోండా మార్కెట్‌కు బయలుదేరబోతూ మేబెల్ ఇంట్లో కొత్త చట్టం పెట్టింది. కూతురు డోరాకు స్కూల్లో ఇంటర్వ్యూ అయ్యేదాకా అందరూ ఇంగ్లీషే మాట్లాడాలి.

డోరాకు మూడున్నరేళ్లు. అమ్మతో ఇంగ్లీషు, నానమ్మతో తెలుగు, పాలాయనతో ఉర్దూ మాట్లాడేది. మనిషికో ముఖం ఉన్నట్టే మనిషికో భాష ఉంటుందని ఆ పిల్ల నమ్మకం.

"మరి నాకు రాదుగా అమ్మాయ్?" అంది అత్తగారు కాంతమణి.

"కొన్నాళ్లు ఓపిక పట్టండి అత్తయ్యా. సీటు రాకపోతే ఏడాది పోతుంది."

కాంతమణి మాట్లాడటం మానేసింది. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో కూడా పెదవులు కదిపి ఊరుకుంది. మౌనం నానమ్మ కొత్త భాష కాబోలనుకుని, డోరా దాన్నీ నేర్చేసుకుంది. అది ఎవరూ గమనించలేదు.

పక్కింటి విమలమ్మకు ఆ ప్రార్థన వినబడ్డాకే ఎసరు పెట్టడం అలవాటు. వినబడకపోయేసరికి వచ్చేసింది.

"ఏందీ పెద్దమ్మా, పానం బాగలేదా? గొంతే ఇనొస్తలేదు."

కాంతమణి నవ్వి, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపింది. విమలమ్మ హడలిపోయింది. పక్షవాతమన్న మాట మర్నాటికల్లా చర్చికి చేరింది. పాస్టరుగారు, స్త్రీల సమాజం వాళ్లు వచ్చి స్వస్థత ప్రార్థన చేశారు. డోరా ఎదురుగా ఉంది కనుక, కాంతమణి కొడుకు జీవరాజు అందరికీ "షీ ఈజ్ ఫైన్" అనే చెప్పాడు. పాపం, దుఃఖంలో ఇంగ్లీషు వస్తోందని వాళ్లు జాలిపడ్డారు.

ఇంటర్వ్యూకు అందరూ వెళ్లారు. హెడ్‌మిస్ట్రెస్ తెల్లచీర కట్టుకుని, కళ్లద్దాలతో, నెరిసిన ముడితో అచ్చం నానమ్మలాగే ఉంది.

"వాటీజ్ యువర్ నేమ్?"

డోరా చల్లగా నవ్వి చెయ్యి ఊపింది. ఏమడిగినా అంతే. మేబెల్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాంతమణి ఇక ఉండలేకపోయింది. "మాట్లాడవే తల్లీ. ఆవిడకి మాటలొచ్చు."

"నానమ్మా, నీకూ వచ్చేశాయా?" అంది డోరా. వెంటనే హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగి మమ్మీ చట్టం, నానమ్మ మౌనం, పాస్టరుగారి ప్రార్థన అన్నీ ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"సీటిస్తున్నాం," అంది హెడ్‌మిస్ట్రెస్, తెలుగులో. "ముందు పెద్దావిణ్ణి మాట్లాడనివ్వండి."

ఆదివారం తన స్వస్థత గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు కాంతమణిని పిలిచారు. ఆమె ముగించేసరికి ఆయన ప్రసంగానికి సమయం మిగల్లేదు.