గంజాయి మొలకలకు మంచి గాలి

హోల్ట్స్‌బెక్ మేయర్ క్రూంబీగెల్ గారు జనవరి మంచులో పురపాలక భవనం మెట్ల మీద నిలబడి చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. "నేటి నుంచి మన ఊరు ఉత్తర జర్మనీకి పచ్చదనపు రాజధాని" అన్నారు. చుట్టూ ఎటు చూసినా మంచే. అయినా చప్పట్లు బాగా మోగాయి. చేతులు వెచ్చబడాలి కదా.

సంగతేమిటంటే, పదిమందీ సంఘంగా ఏర్పడి గంజాయి పెంచుకోవచ్చని దేశం చట్టం చేసింది. పక్క ఊళ్లవాళ్లు ఇంకా దరఖాస్తు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటుండగానే మేయర్ గారు మూతబడ్డ తపాలా ఆఫీసులో, ఒకప్పుడు ఉత్తరాలు వేరుచేసిన గదిని సంఘానికి అద్దెకిచ్చారు. దీపాలు పెట్టించారు. విత్తనాలు నాటించారు. సంఘంలో ఎవరూ గంజాయి తాగకూడదు. సంఘం గుమ్మం కనిపించేంత దూరంలోనూ తాగకూడదు. తాగొద్దని సభ్యులకు నచ్చజెప్పడానికి ప్రతి సంఘానికీ ఒక నివారణాధికారి ఉండి తీరాలి. చట్టం రాసినవాళ్లు ఏ లోటూ రానివ్వలేదు.

హోల్ట్స్‌బెక్ సంఘానికి ఆ అధికారి హెన్నింగ్ ఆస్మూసెన్. మందుల షాపులో దగ్గుమందులు అమ్మి రిటైరైన మనిషి. భార్య పోయాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు మరీ గట్టిగా వినిపిస్తోందని సంఘంలో చేరాడు. అతను గంజాయి ఎన్నడూ తాగలేదు, తాగే ఉద్దేశమూ లేదు. కానీ ప్రతి బుధవారం కోశాధికారి ట్రౌటె ఆపిల్ కేకు చేసి తెస్తుంది. నలుగురూ మొలకల బల్ల చుట్టూ కూర్చుంటారు. ఎవరో ఒకరు అతని కాఫీ కప్పు వైపు చూసి, "ఇంకొంచెం పోయనా?" అంటారు. ఆ మాట ఇంకో మనిషి నోట వినడానికే హెన్నింగ్ వారమంతా ఎదురుచూసేవాడు.

ఆ గది మాత్రం ఇంకా పూర్తిగా సంఘానిది కాలేదు. చలికాలం చివర్లో రాష్ట్ర మంత్రి వచ్చి మొలకలు చూస్తారు. ఆవిడకు నచ్చితే గది ఉంటుంది. నచ్చకపోతే గురి పోటీలు నడిపే తుపాకి సంఘానికి పోతుంది. తుపాకి సంఘం అధ్యక్షుడు హోర్స్ట్ అప్పటికే టేపు పట్టుకొని వచ్చి, కప్పులూ షీల్డులూ ఎక్కడ పెట్టాలో గోడలు కొలిచి చూసుకుంటున్నాడు.

"మీరేమీ అనుకోకండి. కొలుచుకుంటే తప్పేముంది?" అనేవాడు మర్యాదగా.

మొలకలు రెండేసి ఆకులు వేసి, తర్వాత నాలుగేసి వేశాయి. అంతలో అడుగు ఆకులు పసుపెక్కాయి. కాడలు ఊదారంగుకు తిరిగాయి. ఆ ఊదా మెల్లగా ఆకు ఈనెల్లోకి పాకింది. హెన్నింగ్ కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాడు. ఊదాగానే ఉన్నాయి.

మేయర్ గారు కబురు విన్న వెంటనే కార్యరంగంలోకి దూకారు. విచారణ సంఘం వేశారు. అందులో అన్ని పార్టీలకూ, తుపాకి సంఘానికీ చోటిచ్చారు. పసుపు పార్టీ సభ్యుడు ఆకులు పసుపెక్కడాన్ని జబ్బు అనడానికి ససేమిరా ఒప్పుకోలేదు. రెండు గంటలు చర్చించి, "రంగు విషయంలో భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి" అని మినిట్స్‌లో రాసుకున్నారు. నిపుణుడిగా నేల డాక్టరు స్పెక్‌మన్ గారిని పిలిపించారు. ఆయన ఇంతకుముందు ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి ఎందుకు మొలవడంలేదో నివేదిక రాసిన మేధావి. గడ్డి ఇప్పటికీ మొలవలేదు గానీ, నివేదికకు మంచి పేరొచ్చింది.

విచారణ సంఘం మొదటి సమావేశం మొలకల గదిలోనే జరిగింది. స్పెక్‌మన్ గారు లోపలికి అడుగుపెట్టి ముక్కు ఎగబీల్చారు.

"అబ్బ, ఎంత ఉక్క. గాలి ఆడొద్దూ?" అని రెండు కిటికీలూ బార్లా తెరిచారు. బయట మంచు కురుస్తోంది.

అందరూ సంతృప్తిగా గాలి పీల్చి, కోట్లు వేసుకొనే కూర్చున్నారు. గదికి గాలి పెట్టడం ఆ ఊళ్లో పళ్లు తోముకోవడం లాంటిది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కిటికీలు బార్లా తెరవాలని అద్దె ఒప్పందంలోనే ఉంటుంది. తెరవనివాళ్ల ఇంట్లో గోడకు బూజు పడుతుందనీ, మనిషికి కూడా కొంచెం పడుతుందనీ అందరి నమ్మకం.

"నత్రజని లోపం" అన్నారు స్పెక్‌మన్ గారు ఆకును భూతద్దంలో చూసి.

ఎరువు పోశారు. వారం తిరిగేసరికి ఊదా ఇంకాస్త పైకి పాకింది.

రెండో సమావేశంలో మేయర్ గారు స్వయంగా కిటికీలు తెరిచారు. "తాజా గాలి లేకుండా ప్రజాస్వామ్యం లేదు" అన్నారు. ఆ మాట పత్రికలో పడింది.

"నీళ్లలో సున్నం ఉంది" అన్నాడు హోర్స్ట్. "మన ఊరి నీళ్లతో నా కాఫీ మెషినే పాడైంది. ఇవెంత?"

సున్నం తీసే జగ్గు తెప్పించారు. ఊదా తగ్గలేదు.

"మెగ్నీషియం వేసి చూద్దాం" అంది ట్రౌటె. "మా ఆయనకు పిక్కలు పట్టేసినప్పుడు అదే ఇచ్చేదాన్ని. గ్లాసులో వేస్తే బుస్సుమంటుంది."

"మొలకలకు పిక్కలెక్కడున్నాయి ట్రౌటె గారూ?" అన్నారు స్పెక్‌మన్ గారు.

"మీ భూతద్దానికి కనబడలేదేమో, మళ్లీ చూడండి" అంది ట్రౌటె.

మాత్రలు వేశారు. మట్టి బుస్సుమంది. అందరూ వంగి చూశారు. ఆ పూట ఏదో ప్రగతి జరిగినట్టే అనిపించింది.

మూడో సమావేశంలో హెన్నింగ్ కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకొని, ఆవిరి మీద ముఖం పెట్టుకొని కూర్చున్నాడు. వేళ్లకు స్పర్శ లేదు. గోళ్లు చూసుకుంటే ఊదాగా ఉన్నాయి. మొలక పక్కన వేలు పెట్టి చూశాడు. రెండూ ఒక్క రంగే. వేళ్లు చంకలో దూర్చి కాసేపు వెచ్చబెట్టుకున్నాడు. మళ్లీ తీసి చూస్తే గోళ్లు గులాబీ రంగుకొచ్చాయి. మొలక మాత్రం అలాగే ఉంది. దానికి చంక లేదు పాపం అనుకున్నాడు.

"నాకొకటి అనిపిస్తోంది" అన్నాడు మెల్లగా. "వీటికి చలేస్తోందేమో."

కిటికీలోంచి రెండు మంచు రేకులు లోపలికొచ్చి కేకు మీద వాలాయి.

"అంటే?" అన్నారు మేయర్ గారు.

"కిటికీలు కొన్నాళ్లు మూసి ఉంచితే..."

"మూసి" అన్నారు స్పెక్‌మన్ గారు, ఆ మాట రుచి ఎలా ఉందో చూస్తున్నట్టు.

"మా అమ్మ తొంభై దాటి బతికింది" అన్నాడు హోర్స్ట్. "చనిపోయే రోజున కూడా కిటికీ తెరిపించుకుంది."

"తెరిచాకే పోయారా?" అంది ట్రౌటె.

"ట్రౌటె గారూ, దయచేసి."

మేయర్ గారు హెన్నింగ్ భుజం మీద చెయ్యి వేశారు. ఆయనలో కరుణ ఎప్పుడూ చెయ్యి రూపంలోనే వచ్చేది. "హెన్నింగ్ గారూ, మీరు నివారణాధికారి. గంజాయి తాగకుండా నివారించాలి, గాలి రాకుండా కాదు. మీ ఆవేదన నాకర్థమైంది. మినిట్స్‌లో రాయకుండా వదిలేద్దాం." అందరూ ఆయన ఉదారతను మెచ్చుకున్నారు.

మర్నాటి నుంచి హెన్నింగ్ తప్పుచేయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరంతా విశ్రమించే వేళ ఉంటుంది. ఆ వేళ ఎవరూ మేకు కొట్టరు, గడ్డి కోయరు, పెద్దగా తుమ్మరు కూడా. ఆ వేళ వచ్చి కిటికీలు మూసేవాడు. గడియ కీచుమనకుండా సలాడ్‌లో పోసే నూనె రాశాడు. హీటరు తిప్పి, మొలకల పక్కన కుర్చీ వేసుకొని, కోటు విప్పి కూర్చునేవాడు. గది మెల్లగా వెచ్చబడేది. గాజు మీద ఆవిరి పట్టేది. సాయంత్రం వెళ్లేటప్పుడు మాత్రం, ఎవరైనా వస్తే అనుమానం రాకుండా, ఒక రెక్క వేలెడంత తెరిచి వెళ్లేవాడు.

ఒకరోజు ట్రౌటె ఉన్నట్టుండి లోపలికొచ్చింది. మూసిన కిటికీలు చూసింది. అతన్ని చూసింది. స్కార్ఫ్ తీసి ఇంకో కుర్చీ లాక్కొని కూర్చుంది. "పోలీసులొస్తే నేను లేనని చెప్పండి" అంది కాసేపయ్యాక. హెన్నింగ్‌కు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

కానీ మొలకలకు పంచాంగం తెలియదు. అవి కోలుకోకముందే మంత్రి థోర్మేలెన్ గారు వచ్చేశారు. వెనక కెమెరాలు, ముందు మేయర్ గారు, గుమ్మం దగ్గర టేపుతో హోర్స్ట్. మొలకలు నిఖార్సైన ఊదారంగులో నిలబడి ఉన్నాయి. హెన్నింగ్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఇక బుధవారాలు అయిపోయినట్టే అనుకున్నాడు.

మంత్రి గారు చాలాసేపు చూశారు. ఆవిడ పార్టీ రంగు ఊదా. మెడలో స్కార్ఫ్ ఊదా. బయట నిలిపిన కారు కూడా ఊదాయే.

"ఇవి ఇలా..." అని మొదలుపెట్టారు.

"తమ కోసమే" అన్నారు మేయర్ గారు. ఆ రెండు మాటలు ఆయనకు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆయనకే తెలియదు. గొప్ప నాయకులకు మాట ముందు వస్తుంది, ఆలోచన తీరిగ్గా వస్తుంది. "శాస్త్రీయంగా ఈ రంగుకు తీసుకొచ్చాం. నత్రజని, సున్నం తీసిన నీళ్లు, మెగ్నీషియం. అన్నిటికంటే ముఖ్యంగా, మా ఊరి గాలి."

స్పెక్‌మన్ గారు వినయంగా తల వంచారు.

మంత్రి గారి కళ్లు చెమర్చాయి. చలిగాలికి కావచ్చు. "రాష్ట్రమంతటికీ ఆదర్శం. వచ్చే నెల నా మనుషులు వచ్చి ధ్రువపత్రం ఇస్తారు. గది మీదే" అన్నారు. హోర్స్ట్ టేపు చప్పుడు చేస్తూ డబ్బీలోకి వెళ్లిపోయింది.

ఆ బుధవారం కేకు రెండు రకాలు వచ్చింది. హెన్నింగ్ ఒకటికి రెండు ముక్కలు తిన్నాడు. ఇక గది పోదు కదా అని, మొలకలను అలా వణికించడం మనసొప్పక, మధ్యాహ్నాలు కిటికీలు మూయడం మానలేదు. వారం తిరిగేసరికి కొత్త ఆకులు వచ్చాయి. లేతగా, నున్నగా, చూస్తే కడుపు నిండేంత పచ్చగా.

అది చూసి మేయర్ గారు కుర్చీలో కూలబడ్డారు.

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?" అన్నారు గొంతు తగ్గించి.

విచారణ సంఘం అప్పటికప్పుడు సమావేశమైంది. స్పెక్‌మన్ గారు భూతద్దం పెట్టి ఒక్క ఆకు చూశారు. "జబ్బు ముదిరింది. పచ్చబడుతున్నాయి" అన్నారు. "కారణం స్పష్టం. గాలి చాలలేదు. ఎవరో కిటికీలు మూస్తున్నారు."

ఆ సంఘం పుట్టాక చేసిన రోగనిర్ణయాల్లో నిజమైనది అదొక్కటే.

"మన ఊరివాడైతే ఆ పని చెయ్యడు" అన్నాడు హోర్స్ట్ ఆవేశంగా.

"పక్క ఊరివాళ్లే. అసూయ" అన్నాడు పసుపు పార్టీ సభ్యుడు. ఆ విషయంలో మాత్రం అన్ని పార్టీలూ ఏకమయ్యాయి.

ట్రౌటె కేకు కోస్తూ ఉండిపోయింది. హెన్నింగ్ నోరు తెరిచాడు.

"మంత్రి గారి మనుషులు ఇది చూస్తే గది ఇవాళే పోతుంది" అన్నారు మేయర్ గారు.

హెన్నింగ్ నోరు మూసుకున్నాడు. అవతల ట్రౌటె అతని కప్పు వైపు చూసి, "ఇంకొంచెం పోయనా?" అంది. అతను పచ్చటి ఆకుల వైపు చూడకుండా కప్పు ముందుకు జరిపాడు.

మేయర్ గారు శాశ్వత పరిష్కారం కనిపెట్టారు. మర్నాడే పురపాలక పనివాళ్లు వచ్చి కిటికీ రెక్కలు చట్రంతో సహా పీకేసి లారీలో వేసుకొని వెళ్లారు. ఇక మూద్దామన్నా మూయడానికేమీ లేదు. ఆ రాత్రి ఆ చలికాలమంతటిలోకీ గట్టి చలి పడింది. ఆ తర్వాత రాత్రి ఇంకా గట్టిగా పడింది.

మంత్రి గారి మనుషులు వచ్చేసరికి మొలకలు కాడలతో సహా ముదురు ఊదాకు తిరిగి, నల్లబడి, వేలితో తాకితే కాగితంలా చప్పుడు చేస్తున్నాయి. వచ్చినవాళ్లు నాణ్యతను కొనియాడి, "రంగు స్థిరంగా ఉన్నది" అని ధ్రువపత్రం రాసి, గోడకు తగిలించి, ఫొటో దిగి వెళ్లారు. గది శాశ్వతంగా సంఘానిదైంది. రాష్ట్రంలోని మిగతా సంఘాలన్నీ ఇదే విధానం పాటించాలని ఉత్తర్వు కూడా వచ్చింది.

బుధవారం యథాప్రకారం అందరూ వచ్చారు. కోట్లు, టోపీలు, చేతి తొడుగులతో బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో కుండీలు. హెన్నింగ్ అలవాటు కొద్దీ లేచి, పంపు దగ్గర నీళ్లు పట్టుకొచ్చి, మొదటి కుండీ మీదికి వంచబోయాడు.

"ఆగండాగండి" అంటూ స్పెక్‌మన్ గారు అతని చెయ్యి పట్టుకున్నారు. "నీళ్లు తగిలి మళ్లీ పచ్చబడితే?"

అందరూ హెన్నింగ్ వైపు చూశారు. అతను ఆ నీళ్లు కాఫీ కేటిల్‌లో పోసి స్విచ్ వేశాడు.