జాంబయ్య గారి ఈతకొలను

చాలా పెద్ద అడవి అది. అంత అడవిలోనూ పెరట్లో సొంత ఈతకొలను ఉన్న ఇల్లు ఒక్కటే. అది ఎలుగుబంటి జాంబయ్య గారిది.

జాంబయ్య ముప్ఫై ఏళ్లు అడవి మండలిలో తేనె శాఖ అధికారిగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన హయాంలో ఎవరికీ తేనె దొరికింది లేదు గానీ, ఎందుకు దొరకలేదో చెప్పే ఫైలు మాత్రం ఎప్పుడడిగినా దొరికేది. అందుకు ఆయనంటే అందరికీ గౌరవం.

ఒళ్లంతా దట్టమైన బొచ్చు కావడంతో ఎండాకాలం వచ్చిందంటే ఆయన ప్రాణం ఉడికిపోయేది. అందుకే గుహ వెనక బండను తొలిపించి, పైనున్న ఊటను అందులోకి మళ్లించి కొలను కట్టించుకున్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అందులో దిగే తీరిక దొరకలేదు. రిటైరయ్యాక హాయిగా ఈదుకోవచ్చని ఎదురుచూశాడు.

కొలను బాగోగులు చూసేది కూర్మమ్మ అనే ముసలి తాబేలు. పొద్దున్నే వచ్చి, రాలిన ఆకులు ఏరేసేది. గోడలకి పట్టిన పాచి గీకేది. అడుగునున్న తూము కాసేపు తెరిచి పాతనీళ్లు వదిలేది. వారానికోసారి చిల్లగింజ అరగదీసి నీళ్లలో కలిపితే మట్టంతా అడుక్కి దిగిపోయేది. పని అయ్యాక ఎవరితోనూ ఓ మాటైనా ఆడకుండా వెళ్లిపోయేది.

రిటైరైన మూడో రోజున జాంబయ్య ఆవిడని పిలిచి పని రిజిస్టరు చూపించమన్నాడు. అలాంటిదేమీ లేదంది. మరి పని జరిగిందని తెలిసేదెలా అని అడిగాడు. కూర్మమ్మ ఓసారి కొలను వైపు చూసి, ఓసారి ఆయన వైపు చూసింది.

“నీళ్లు తేటగా ఉన్నాయి కదయ్యగారూ,” అంది.

“అది ఫలితం కూర్మమ్మా. నేనడిగేది ఆధారం.”

ఆధారం లేని పని ఎన్నేళ్లుగా జరుగుతోందో జాంబయ్య వేళ్ల మీద లెక్కపెట్టాడు. అప్పటికప్పుడు కొలను నిర్వహణ తానే తీసుకుంటున్నట్టు ప్రకటించాడు. కూర్మమ్మ వెళ్తూ వెళ్తూ తూము సంగతి చెప్పబోయింది. రాసి ఇవ్వమన్నాడు. ఆవిడకి రాయడం రాదు. ఏటి వైపు వెళ్లిపోయింది.

మర్నాడు కొలను గట్టున ఓ బల్ల వెలిసింది. దాని మీద ‘ఈతకొలను నిర్వహణ కార్యాలయం’ అనే బోర్డు వెలిసింది. బోర్డు వెనక జాంబయ్య కూర్చున్నాడు. రాలిన ఆకులకి ఒక రిజిస్టరు, రాలబోయే ఆకులకి ఒక రిజిస్టరు పెట్టాడు. ఏ ఆకు ఏ చెట్టుదో, ఏ వేళకి పడిందో రాసుకునే లోపల అది కాస్తా మునిగిపోయేది. మునిగిన ఆకు వేరే రిజిస్టరు కిందికి వస్తుంది. దాంతో మొదటి పేజీ కొట్టేసి మళ్లీ మొదలు పెట్టేవాడు.

పది రోజులకి నీళ్లు పచ్చబడ్డాయి.

భార్య నల్లమ్మ వచ్చి, దిగి ఆ ఆకులు తీసేస్తే సరిపోతుంది కదా అంది. తీసేయాలంటే ముందు విచారణ జరగాలన్నాడు. విచారణకి ఒక కొండముచ్చుని నియమించాడు. ఆ కొండముచ్చు పుట్టాక ఒక్కసారీ నీళ్లలో కాలు పెట్టలేదు. కాబట్టి అతని అభిప్రాయంలో పక్షపాతం ఉండదని జాంబయ్య నమ్మకం.

కొండముచ్చు మూడు రోజులు చెట్టు మీద కూర్చుని కొలనుని పరిశీలించి నివేదిక ఇచ్చాడు. నీళ్లు పచ్చబడలేదనీ, పైన ఉన్న కొమ్మల నీడ అలా కనిపిస్తోందనీ అందులో సారాంశం. కొమ్మలు కొట్టించారు. నీడ పోయి ఎండ సూటిగా పడింది. వారం తిరిగేసరికి కొలను పాలకూర పప్పులా చిక్కబడింది. కొండముచ్చు రెండో నివేదికలో, నీళ్లు ఎలాగూ ఈ రంగుకే వచ్చాయి గనుక దీన్నే ఆమోదించిన రంగుగా ప్రకటిస్తే సమస్య ఉండదని సూచించాడు.

జాంబయ్య సంతకం పెట్టాడు. ఇక రంగు మీద ఫిర్యాదుకి తావు లేదు కాబట్టి ఆయన మనసు తేలికపడింది. దిగుదామని బొటనవేలు ముంచి చూశాడు. వేలికి చుట్టుకున్న నాచుని చూసి, ఈతకి ఇంకా ముహూర్తం రాలేదనుకున్నాడు.

అప్పుడొచ్చాయి కప్పలు. ఒకటీ రెండూ కాదు, రెండొందలు. వాటి పెద్ద దర్దురయ్య నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, ఇక్కడ కాపురం ఉండాలంటే ఏ ఫారం నింపాలండీ అని అడిగాడు.

రిటైరయ్యాక జాంబయ్యని ఫారం అడిగిన మొదటి ప్రాణి అతనే. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఫారం అప్పటికప్పుడు తానే తయారుచేసి, రెండొందల మందికీ నివాస పత్రాలు రాసిచ్చాడు. ఇంట్లో వాళ్లని ఒక మాట అడగక్కర్లేదా అంది నల్లమ్మ. అభ్యంతరాలుంటే వారంలోగా రాతపూర్వకంగా తెలపవచ్చన్నాడు. ఆవిడ భుజాన తువ్వాలు వేసుకుని వాగుకి స్నానానికి వెళ్లిపోయింది. ఆనాటి నుంచి రోజూ అక్కడికే.

కప్పలకి పాలకవర్గం ఉండాలని నియమావళి రాసింది కూడా జాంబయ్యే. ఎన్నికలు జరిగాయి. దర్దురయ్య అధ్యక్షుడయ్యాడు. బొచ్చున్న జంతువుల వల్ల నీళ్లు కలుషితమవుతాయి కనుక ముందస్తు అనుమతి లేనిదే కొలనులో దిగరాదని కొత్త పాలకవర్గం మొదటి తీర్మానం చేసింది.

అది చదివి జాంబయ్య మండిపడ్డాడు. మధ్యాహ్నమంతా కూర్చుని ఆ తీర్మానంలో లొసుగు వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. ప్రతి వాక్యం ఆయన దగ్గర నేర్చుకున్నదే. కోపం పోయి గర్వం కలిగింది.

ఈలోగా రోహిణి ఎండలు మొదలయ్యాయి. రాళ్లు పగిలేలా ఉంది ఎండ. నాలుక బయటపెట్టి రొప్పుతూ జాంబయ్య దరఖాస్తు మూడు ప్రతులు రాసి వరసలో నిలబడ్డాడు. వరసలో ఆయనొక్కడే ఉన్నాడు. అయినా టోకెను నాలుగో నంబరు ఇచ్చారు.

బల్ల మీద ఇప్పుడు దర్దురయ్య కూర్చుని ఉన్నాడు.

“కొలనుతో మీకున్న సంబంధం?” అని అడిగాడు.

“యజమానిని.”

దర్దురయ్య ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇందులో ఆ గడి లేదండీ. నివాసి, సందర్శకుడు, సిబ్బంది. మూడే ఉన్నాయి.”

జాంబయ్య తొంగి చూశాడు. నిజమే. ఫారం తను గీసిందే. చెమట కారి దరఖాస్తు తడిసిపోయింది. సందర్శకుల కోటా ఏడాది వరకూ నిండిపోయిందని చెప్పి దర్దురయ్య, జాలిపడ్డట్టున్నాడు, గొంతు తగ్గించాడు.

“సిబ్బందిలో ఒక ఖాళీ ఉంది. రోజూ నీళ్లలో దిగి ఆకులు ఏరాలి, పాచి గీకాలి. సిబ్బందికి బొచ్చు నిబంధన వర్తించదు. మీకు అనుభవం ఉందా?”

జాంబయ్య తన రిజిస్టర్లన్నీ మోసుకొచ్చి చూపించాడు. దర్దురయ్య ఓపిగ్గా తిరగేశాడు.

“ఇవి మేం చూసుకుంటాం,” అన్నాడు. “మీరు దిగండి.”

జాంబయ్య దిగాడు. చల్లటి నీళ్లు పొట్టకి తగలగానే మెడదాకా మునిగాడు. రోజంతా నీళ్లలోనే ఉండి ఆకులు తీశాడు, గోళ్లతో పాచి గీకాడు. నాలుగో రోజు అడుగున కాలికి ఏదో బిరడా తగిలితే లాగాడు. బుడబుడమని పాతనీళ్లు పోయాయి. పైనుంచి ఊటనీళ్లు నిండాయి. వారంలో కొలను అద్దంలా తయారైంది.

ఆ సాయంత్రమే ఆయన చేతికి మెమో వచ్చింది. ఆమోదించిన రంగుని అనుమతి లేకుండా మార్చినందుకు సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

వాగు నుంచి వస్తున్న నల్లమ్మ గట్టు మీద ఆగింది. మొగుడు నీళ్లలో కూర్చుని ఆ కాగితాన్ని తడవకుండా పైకెత్తి పట్టుకుని మురిసిపోతున్నాడు.

“ఎవరిది ఈ కొలను? ఎవరు ఎవరికి సంజాయిషీ ఇవ్వాలి?” అని నిలదీసింది.

“మెల్లగా మాట్లాడు. డ్యూటీలో ఉన్నాను,” అన్నాడు జాంబయ్య. తర్వాత ఉండబట్టలేక మెమో చూపించాడు. “చూడు నల్లమ్మా, రిటైరయ్యాక కూడా మెమో అందుకున్న వాడు ఈ అడవిలో ఇంకొకడు లేడు.”

ఈ కథ విన్నవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది ఇంతే: సొంత కొలనులో ఈదాలనుకునేవాడు ముందు అందులో ఉద్యోగం సంపాదించుకోవాలి.