అయిదు చేపల జలాశయం

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఆ పల్లం ఎక్కడుందో కొలిచి, సంతకం చేసి, ముద్ర కొట్టే శాఖ వాళ్ళ కాలంలో లేదు గనక అంత ధైర్యంగా అనగలిగారు. ఇప్పుడు నీటికి పల్లం తెలిస్తే చాలదు. తెలిసినట్టు కాగితం ఉండాలి.

ఈ సత్యం ఒక తల్లికి పెరట్లో, మంచమంత సిమెంటు తొట్టి పక్కన, అన్నం గిన్నెతో నిలబడి ఉండగా బోధపడింది. తొట్టిలో అయిదు ఎర్రచేపలు. ఆమె చంకలో మూడేళ్ళ పాప. చేప కనబడితే పాప "ఆ!" అని నోరు తెరుస్తుంది, ముద్ద లోపలికి పోతుంది. కనబడకపోతే నోటికి తాళమే. అలాంటిది పదిహేను రోజులుగా నీళ్ళు చిక్కగా పచ్చబడి, అయిదు చేపలూ మాయమైపోయాయి. (ఉన్నాయి. బుడగలొస్తున్నాయి.) పాప అరకిలో తగ్గింది. ఆ అరకిలో వచ్చి తల్లి గుండెల మీద కూర్చుంది.

ప్లంబరు వచ్చి తొట్టిలో చెయ్యి పెట్టి చూశాడు.

"అడుగు పైపు పూడుకుపోయిందమ్మా. ఫిల్టరు స్పాంజి జిగురు పట్టేసింది. ఈ మురికంతా వీధి కాలవలోకి వదిలేసి, బకెట్లో కంకర, బొగ్గు, కొత్త స్పాంజి పేర్చి నీళ్ళు తిప్పామనుకో, అద్దమే. అరగంట పని."

"అయితే మొదలెట్టన్నా!"

"కాలవలో కలపాలంటే పర్మిషనుండాలిగా. పని నాదైతే అరగంట. వాళ్ళదైతే..." అని ఆకాశం వంక చూసి, పానాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

పెరటి నీటి విడుదల శాఖ వారి యాప్ మర్యాదగా ఒకే ప్రశ్న వేసింది: మీ నీటి వనరు ఏది? నది, జలాశయం, సముద్రం, ఇతరములు. 'ఇతరములు' నొక్కితే, అది సముద్రం కాదని ఇద్దరు సాక్షులతో రాయించి తెమ్మంది. తల్లి చదువు ఎనిమిదితో ఆగిపోయింది. ఇవన్నీ తొమ్మిదిలో చెబుతారేమోనని ఆమెకు ఎప్పట్నుంచో అనుమానం. (చెప్పరు.) ఉన్నవాటిలో కాస్త చిన్నగా వినబడింది కదా అని 'జలాశయం' నొక్కేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ముగ్గురు దిగారు. జలాశయ భద్రతాధికారి, దిగువ ప్రాంత రక్షణాధికారి, టోపీ పెట్టుకున్న కొలతల అధికారి. కొలతలాయన కింద ఇంకెవరూ లేకపోవడంతో టేపు రెండో కొస తల్లి చేతికిచ్చారు.

"పూర్తి నీటి మట్టం?" అన్నాడు భద్రతాధికారి.

"నా మోకాలి దాకా సార్."

"రాయండి. దరఖాస్తుదారు మోకాలు. దిగువన జనాభా?"

"పక్కింటి పిల్లి సార్. కడుపుతో ఉంది."

"అయితే అయిదని రాయండి. వరదొచ్చేలోపు ఈనేస్తుంది. కాలుష్య కారకం?"

తల్లి తొట్టి వైపు చూడకుండా అంది: "తెలీదు సార్."

కొలతలాయన కర్ర ముంచి తీసి, కొసనున్నదాన్ని కళ్ళద్దాల దగ్గర పెట్టుకున్నాడు. "మెతుకు," అన్నాడు.

గుమ్మంలో అత్తగారు చేటంత చెవులు చేసుకుని వింటోంది.

"ఓసి నీ తెలివి తగలెయ్య! రోజూ ఖాళీ గిన్నె చూపిస్తుంటే పాపే తింటోందనుకున్నానే! చేపల్నా మేపుతున్నావ్?"

"పాప వద్దన్న ముద్దలే వేశానత్తయ్యా. పారేస్తే మీరు తిడతారని."

"ఇప్పుడు తిట్టనా?"

'ఇంటి విభేదాలు: మధ్యస్థం' అని రక్షణాధికారి రాసుకున్నాడు. (దానికీ ఒక గడి ఉంది.)

ఆనాటి నుంచి నిబంధనలు శాంతంగా, ఒకదాని వెనక ఒకటిగా వచ్చాయి. రోజూ ఒంటిగంటకు ముగ్గురూ వచ్చి మట్టం కొలవాలి. పిల్లికి వరద హెచ్చరిక చదివి వినిపించాలి. నీళ్ళు వదిలే ముందు మూడు ఈలలు వెయ్యాలి. ప్రమాదం వస్తే పడవ సిద్ధంగా ఉండాలి గనక పాప స్నానాల టబ్బు మీద 'సహాయక నౌక 1' అని రంగుతో రాశారు. అది ఎంత బరువు మోస్తుందో తేల్చడానికి భద్రతాధికారి స్వయంగా అందులో కూర్చున్నాడు. కూర్చున్నాక లేవలేకపోయాడు. మిగతా ఇద్దరూ చెరో చెయ్యీ పట్టి లాగుతుంటే కొలతలాయన నోట్లో ఈల తనంతట తనే మోగింది.

పాప పకపకా నవ్వింది. నోరు చేటంత తెరుచుకుంది. ముద్ద లోపలికి పోయింది.

నలభై రోజులు ఇదే తంతు. టేపు, పిల్లి, ఈల, టబ్బు, ముద్ద. పాప కిలోన్నర పెరిగింది. తల్లి ఆదుర్దాగా ముద్దలు లెక్కపెట్టుకుందే గాని, చేప కనబడకుండానే పిల్ల ఎలా తింటోందని ఆలోచించలేదు.

నలభై ఒకటో రోజున అనుమతి వచ్చింది. ప్లంబరు పని అరగంటలో ముగించాడు. సాయంత్రానికి నీళ్ళు అద్దం. బాగా బలిసిన అయిదు చేపలూ గుండ్రంగా తిరుగుతున్నాయి. శాఖ వారు ఫైలు మూసి, టేపు చుట్టుకుని సెలవు తీసుకున్నారు.

మర్నాడు ఒంటిగంట.

"చూడమ్మా, చేప! అదిగో!"

"చేప వద్దు," అంది పాప. "టేపు మామయ్య కావాలి."

నోటికి తాళం పడింది. తల్లి ఈల వేసింది. పిల్లికి హెచ్చరిక చదివింది. చివరికి కాళ్ళావేళ్ళా పడి అత్తగారిని టబ్బులో కూర్చోబెట్టింది.

"ఈ వయసులో నన్ను నౌకెక్కించావు కదే," అంటూ అత్తగారు గట్టిగా అంచులు పట్టుకుంది.

పాప అటూ ఇటూ తేరిపార చూసింది. "నానమ్మకి టోపీ లేదు," అని మొహం తిప్పేసుకుంది.

తల్లి ఎడం చేత్తో యాప్ తెరిచి ఫిర్యాదు రాసింది: "అయ్యా, మా తొట్టిలో నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. చేపలన్నీ కనబడుతున్నాయి. దయచేసి అధికారులను వెంటనే పంపగలరు."

కుడిచేతిలో ముద్ద ఇంకా ఆరకముందే జవాబు వచ్చింది: "మీ సమస్య శాశ్వతంగా పరిష్కరించబడింది."

శాఖ పుట్టిన నాటి నుంచి గడువులోగా పరిష్కారమైన ఫిర్యాదు ఇదొక్కటే.