చవక రైఫిల్ వాడు విధానం

భూకంపం, వరద, అగ్నిప్రమాదం, ఇంకా ఇతరత్రా ఏ ఎమర్జెన్సీ వచ్చినా వార్డు ప్రజలు బతికి బట్టకట్టేందుకు, బడ్జెట్‌కు లోబడి, నాణ్యత చెడకుండా, ఒక సర్వైవల్ రైఫిల్ ఎంపిక చేయబడునని వార్డు పెద్ద ఊ ఛిట్ స్వే గారు మైకులో ప్రకటించారు. భూకంపం వస్తే రైఫిల్ ఎవరి మీద పేల్చాలని బర్మాలోని ఆ పజుండౌంగ్ వార్డులో ఎవరూ అడగలేదు. అడిగిన ఇంటి కుర్రాడి పేరు లిస్టులో పైకి జరుగుతుందని అందరికీ తెలుసు.

ఆ లిస్టు పద్దెనిమిది నుంచి ముప్పై అయిదేళ్ళ మగపిల్లలది. రైఫిల్ కొన్నాక లాటరీ తీస్తారు. పేరొచ్చిన అదృష్టవంతుడు రైఫిల్ పట్టుకుని వంతెన దగ్గర కాపలా కాయాలి. ఆ తర్వాత సైన్యం ట్రైనింగుకి వెళ్ళాలి. పక్క వార్డు నుంచి ట్రైనింగుకి వెళ్ళినవాళ్ళు ఎంత శ్రద్ధగా నేర్చుకుంటున్నారంటే, ఏడాదైనా ఒక్కడూ తిరిగి రాలేదు.

సందు చివర గారెలు వేసి అమ్మే తాయారమ్మకు ఒక్కడే కొడుకు. పేరు కోటిబాబు, మోటార్లకు వైండింగు చేస్తాడు, వయసు ఇరవై ఏడు. లిస్టులో తొమ్మిదో పేరు వాడిదే.

ఎంపిక కమిటీ ముందుకు మూడు రైఫిళ్ళు వచ్చాయి. మొదటిది నిఖార్సయిన రైఫిలే గానీ, ధర వినగానే కమిటీకి దేశభక్తి కొంచెం తగ్గింది. రెండోది తెల్లదొరల కాలం నాటిది. దాని తూటాలు తయారుచేసే కంపెనీ, ఆ దొరలు, ఇద్దరూ ఇప్పుడు లేరు. మూడోదాన్ని ఊ ఛిట్ స్వే గారి బామ్మర్ది సేక్కాన్ రేవులో దిగిన ఏదో సరుకులోంచి తెచ్చాడు. ఆకుపచ్చ గొట్టం, నల్ల పిడి, మొదటిదాని ధరలో ఇరవయ్యో వంతు. కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఒక్కటే చిక్కు. పెట్టెలో వాడు విధానం కాగితం ఉంది. అది తెలుగులో ఉంది.

వార్డులో తెలుగువాళ్ళు పాతిక ఇళ్ళున్నారు. మాట్లాడతారు, పోట్లాడతారు, చదవలేరు. ఆదివారాలు రామమందిరంలో పిల్లలకు అఆలు దిద్దించే తాయారమ్మే దిక్కు. గుమాస్తా వచ్చి ఆమెను పొయ్యి దగ్గర్నుంచే పిలుచుకుపోయాడు.

"డో తాయారమ్మ గారూ, దేశం మీవైపు చూస్తోంది. చదివి బర్మా భాషలో చెప్పండి" అన్నారు ఊ ఛిట్ స్వే గారు, పెద్ద ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే "డో"ని గౌరవంగా తగిలించి.

తాయారమ్మ కళ్ళజోడు పెట్టుకుని ముందు లోలోపల చదువుకుంది. "రైతు సోదరులారా! కోతుల బెడద, పందుల బెడద ఇక లేదు. గుండు లేదు, గాయం లేదు. శబ్దం మాత్రమే. ఏ ప్రాణికీ హాని చేయదు."

రెండోసారి చదివింది. ఉన్నది ఉన్నట్టు చెబితే ఇది పోయి మొదటి రైఫిల్ వస్తుంది, లాటరీ మాత్రం ఆగదు. చెప్పకపోతే కోతుల్ని తోలే గొట్టం పట్టుకుని కోటిబాబు వంతెన మీద నిలబడతాడు. వంతెన అవతల నుంచి వచ్చే తిరుగుబాటుదార్ల చేతుల్లో మాత్రం ఉత్త గొట్టాలుండవు.

"సయా, అయ్యా, దీన్ని ఎవరు పేలుస్తారు?" అని రెండు భాషల్లోనూ మర్యాద కలిపి అడిగింది.

"లాటరీలో పేరొచ్చిన కుర్రాడు. మీ అబ్బాయి పేరూ ఉంది. రాసిపెట్టి ఉండాలి."

తాయారమ్మ గొంతు సవరించుకుంది. "చాలా గొప్ప రైఫిల్ సయా. కానీ కుర్రాళ్ళు పేలిస్తే గ్యారంటీ చెల్లదని రాశారు. పేల్చేవారికి యాభై దాటి ఉండాలంట. చేతిలో గవర్నమెంటు ముద్ర ఉండాలంట."

గదిలో యాభై దాటినవారు, ముద్ర ఉన్నవారు ఒక్కరే. కమిటీ అంతా వారివైపు గర్వంగా చూసింది.

"కుర్రాళ్ళు అనే ఉందా?" అన్నారు ఊ ఛిట్ స్వే గారు.

"ఎర్రక్షరాలు సయా."

ఆయన బామ్మర్దివైపు చూశారు. కాగితం అబద్ధమైతే రైఫిలూ అబద్ధమవుతుంది, బిల్లు ఆగిపోతుంది. బామ్మర్ది ఆవేశంగా లేచాడు. "ఫారిన్ కంపెనీ ఊరికే రాయదు బావగారూ! టెక్నికల్ రీజన్ ఉంటుంది!"

తీర్మానం ఏకగ్రీవం.

ఆ సాయంత్రం కోటిబాబు అడిగాడు. "అమా, నిజంగా అలగే రాసుందేటి?"

"ఆదోరం బడికి రారా అంటే వొచ్చేవేటి నువ్వు? ఇప్పుడు నీకెందుకు? తిను."

ఆదివారం ఉదయం ఫుట్‌బాల్ మైదానంలో డెమో జరిగింది. పై ఆఫీసు నుంచి పెద్దాయన ముఖ్య అతిథిగా విచ్చేశారు. అన్ని వార్డుల పెద్దలూ వేదిక మీద కూర్చున్నారు. ఊ ఛిట్ స్వే గారు ఇస్త్రీ యూనిఫారంలో, కళ్ళు మూసుకుని, పేల్చారు.

అంత శబ్దం పజుండౌంగ్ ఈమధ్య వినలేదు. కాలువ మీది కాకులన్నీ ఒకేసారి లేచాయి. పొగ తగ్గాక చూస్తే వేదిక మీద కుర్చీలు తప్ప ఎవరూ లేరు. ముఖ్య అతిథి గారు బల్ల కింద నుంచి పరిస్థితిని సమీక్షిస్తున్నారు. ఎదుట పెట్టిన అట్ట బొమ్మ మీద చిన్న చిల్లు కూడా లేదు.

"గుండేదీ?" అని ఎవరో అడిగారు.

"కనపడనంత స్పీడు" అన్నాడు బామ్మర్ది.

పెద్దాయన బట్టలు దులుపుకుని మైకు అందుకున్నారు. ఎనిమిది సెకన్లలో వేదిక మొత్తం సురక్షితంగా ఖాళీ కావడం ఎమర్జెన్సీ సన్నద్ధతలో రికార్డన్నారు. ప్రతి వార్డుకూ ఇదే రైఫిల్ మంజూరు చేశారు. వాడు విధానంలోని నిబంధన ప్రకారం ప్రతి వార్డు పెద్దా స్వయంగా వంతెన దగ్గర నిలబడాలని, కుర్రాళ్ళ లాటరీ రద్దని ప్రకటించారు. వార్డు పెద్దలందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో చేతులు ఒకదానికొకటి సరిగ్గా తగల్లేదు.

సోమవారం తెల్లారేసరికి తాయారమ్మ బండి దగ్గర అయిదుగురు వార్డు పెద్దలు వరసలో ఉన్నారు. వాళ్ళలో ఎవరూ ఎప్పుడూ సందు గారెలు తిన్నవాళ్ళు కారు.

"ఆ కాగితంలో సుగరు గురించి ఏమైనా ఉందా?" అని మొదటాయన మెల్లగా అడిగారు.

తాయారమ్మ చేతులు తుడుచుకుని, కమిటీ తన దగ్గరే ఉంచిన కాగితం విప్పింది. "ఉంది సయా. సుగరున్నవాళ్ళు ముట్టుకోకూడదంట."

"మోకాళ్ళ నొప్పి?"

"కింద లైను."

అందరికంటే వెనక నిలబడ్డ ఊ ఛిట్ స్వే గారు వరస అయ్యేదాకా ఓపిక పట్టారు. "యాభై దాటాలన్నారు. ఎంతవరకో రాయలేదా?"

"మీకెంత సయా?"

"యాభై ఆరు."

"యాభై అయిదు వరకే."

ఆయన నాలుగు గారెలు కట్టించుకున్నారు.

వారం తిరిగేసరికి అన్ని వార్డులకూ రైఫిళ్ళు అందాయి. వాటిని మోయడానికి అర్హతగల మనిషి మాత్రం ఒక్కరూ మిగల్లేదు. సన్నద్ధత నూటికి నూరు శాతమని పై ఆఫీసు రిపోర్టు రాసింది. వంతెన మీద ఎప్పటిలా సైకిల్ రిక్షాలు తిరిగాయి. కోటిబాబు వర్క్‌షాపుకు వెళ్ళి వస్తున్నాడు.

గురువారం మధ్యాహ్నం తాయారమ్మ ఇంటి ముందు నల్ల కారు ఆగింది. కోటిబాబు మొహం పాలిపోయింది. తాయారమ్మ కాగితం బొడ్లో దోపుకుని, చీర సర్దుకుని కారెక్కింది. పై ఆఫీసులో పెద్దాయన ఆమెను సోఫాలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, తలుపు తనే వేశారు.

"వార్డులవాళ్ళంతా అనర్హులట. ఇప్పుడు రాజధాని నుంచి అడుగుతున్నారు, మరి నీ సంగతేమిటని" అన్నారు గొంతు తగ్గించి. "మళ్ళీ ఒకసారి సరిగ్గా చూడండమ్మా. నా హోదాలో ఉన్నవాళ్ళ గురించి అందులో ఏమీ లేదా?"

తాయారమ్మ కాగితాన్ని మొదటిసారి వెనక్కి తిప్పింది. అక్కడ ఒక్క అక్షరం లేదు. రెండు చెవులూ మూసుకుని, పళ్ళికిలించి పారిపోతున్న కోతి బొమ్మ ఒకటుంది.

ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. తర్వాత పెద్దాయన వంక చూసింది.

"ఉంది సయా" అంది. "ఈ పక్కంతా మీ గురించే."