చేపపిల్లలకు సైకిల్ పంపు

కరెంటు కోతను తిట్టేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. కోత లేని ఇల్లూ ఒక ఇల్లేనా? ఫ్యాన్ కింద ఒకరు, టీవీ ముందు ఒకరు, ఫోన్‌లో తల దూర్చి ఇంకొకరు! వాళ్ళను ఒక్కచోటికి చేర్చే శక్తి పండక్కి లేదు, పెళ్ళికి లేదు. కోతకే ఉంది!

నమ్మరా? అయితే కర్ణాటకలో మా పావగడ తాలూకా వల్లూరులో సుమ ఇంటికి రండి.

సుమ పెంచే గోల్డ్‌ఫిష్ గుడ్లు పెట్టింది. గోల్డ్‌ఫిష్‌కు మాతృప్రేమ కాస్త తక్కువ. పెట్టిన గుడ్లను తనే ఫలహారం చేసేస్తుంది. అందుకే సుమ వాటిని వేరే టబ్బులోకి మార్చింది. గుడ్లు చిట్లి పిల్లలు బయటికొచ్చాయి. పిల్ల అంటే ఎంత? రెండు కళ్ళు, ఒక వెంట్రుక. అంతే! ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనను పల్చటి గుడ్డలో మూటగట్టి నీళ్ళలో ఆడిస్తే పొగలా దిగుతుంది. అదే వాటి భోజనం. చిటికెడు ఎక్కువైతే నీళ్ళు కుళ్ళుతాయి. కరెంటు పంపు నుంచి గాలిబుడగలు ఆగితే ఊపిరాడదు.

"ఏమే, నా మనవడికి కూడా ఇంత మెత్తగా బువ్వ పెట్టలేదు గదే నువ్వు!" అంటుంది అత్త హనుమక్క. అంటూనే టబ్బు దగ్గర్నుంచి కదలదు.

మొన్న మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. బుడగలు ఆగాయి. కాసేపటికి పిల్లలన్నీ పైకి తేలి నోళ్ళు తెరిచాయి. సుమ కేక పెట్టింది. మామ నారప్ప సైకిల్ పంపు తెచ్చి, గాలి గొట్టానికి తగిలించి కొట్టడం మొదలుపెట్టాడు. ఒక బుడగ! ఇంకో బుడగ! కరెంటు ఉండుంటే ఆ మనిషి మంచం దిగేవాడా?

సుమ కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతల కన్నడం. తనూ కన్నడంలోనే, "సార్, కరెంట్... మరిగళు సాయ్తా ఇదావె!" అంది. అంతలో సిగ్నల్ పోయింది.

కన్నడంలో సాయ్తా ఇదావె అంటే చస్తున్నాయి, మరి అంటే పిల్ల. చేపదైనా మరే, గొర్రెదైనా మరే. గొర్రెలు మేపే పావగడ తాలూకాలో 'మరి' అంటే ఎవరికైనా చేప గుర్తొస్తుందా? ఆఫీసువాళ్ళ చురుకుదనం చూడండి! అప్పుడే కోత ముగించి వదలబోతున్న కరెంటును, ఊరు మొత్తానికీ ఆపేశారు. లైన్‌మన్ నాగప్ప పొడవాటి కట్టె పట్టుకుని బైకు మీద వచ్చి వాలాడు.

"గొర్రెపిల్లలు యాడమ్మా?"

"గొర్రెపిల్లలేందన్నా?"

"మరిలు చస్తాండాయంటివి గదమ్మా, కరెంటుకి!"

"కరెంటుకి కాదన్నా, కరెంటు లేక!"

నాగప్ప టబ్బులోకి వంగి చూశాడు. "ఇవి దోమపిల్లలు గదమ్మా!"

"దోమలంటావేందప్పా!" నారప్ప రొప్పుతూ సైకిల్ పంపు అతని చేతిలో పెట్టాడు. "ముందు ఇది కొట్టు. నా రెక్కలు పడిపోతాండాయి."

చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఆఫీసుతో మాట్లాడుతూ, రెండు చేతులా పంపు కొట్టే లైన్‌మన్‌ను మీరెప్పుడైనా చూశారా? "అవునప్పా, చేప మరిలే! నగేది ఆపి లైను వదలు!"

అప్పుడే సుమ భర్త భరత్‌కుమార్ డ్యూటీ దిగి వచ్చాడు. సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడగడం అతని పని. ఒకప్పుడు వాళ్ళ శనక్కాయ చేను ఉన్నచోటే!

"ఆడ పొద్దున్నుంచీ బో కరెంటు తయారైతాండాది," అన్నాడు.

హనుమక్క టబ్బు మీంచి తలెత్తింది. "మన చేన్లో పుట్టిన కరెంటు మన చేపకి ఎందుకు రాలేదురా?"

"అది పుట్టంగానే దూరం పోతాదిమ్మా."

"అంటే ఈ గుడ్ల మాదిరే వేరే టబ్బులోకి మార్చేస్తారా? యాల? మనం మింగేస్తామనా?"

నాగప్ప పంపు ఇంకాస్త గట్టిగా కొట్టాడు.

కరెంటు వచ్చింది. బుడగలు లేచాయి. పిల్లలు కిందికి దిగి చకచకా ఈదాయి. సుమ ఊపిరి పీల్చుకుంది. ఇంట్లోవాళ్ళు ఎవరి ఫ్యాన్ కిందికి వాళ్ళు వెళ్ళిపోయారు. చూశారా నష్టం!

అందుకే పెద్దలకు నాదొక మనవి. ఇంత గొప్ప వరాన్ని మేమొక్కరమే అనుభవించడం పాపం. మా చేలల్లో పుట్టిన కరెంటు ఏ ఊళ్ళకు వెళ్తోందో, దాని వెంటే కోతను కూడా కొన్నాళ్ళు అక్కడికే పంపండి.

సైకిల్ పంపుకు దిగులు పడకండి. నారప్ప ఇస్తానన్నాడు.