కొర్రమీను తండ్రి పేరు

మానవజాతి చరిత్రలో నిజానికంటూ ఒక ఆఫీసు ఏర్పడటం ఇదే మొదటిసారి. అది ఏలూరులో, మా శాంతివర్ధన కాలనీ కమ్యూనిటీ హాల్లో, జనరేటర్ గది పక్కన ఉంది. పనివేళలు ఉదయం పది నుంచి పన్నెండు. ఆదివారం నిజానికి సెలవు.

దీని పేరు సత్యనిర్ధారణ విభాగం. కాలనీ ఫోన్ గ్రూపులోకి రోజూ వచ్చిపడే మెసేజీల్లో ఏది నిజమో తేల్చే నాథుడు లేడని రిటైర్డ్ సూపరింటెండెంట్ వెంకట్రాజుగారు దీన్ని స్థాపించి, తానే అధ్యక్షులయ్యారు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేసే ఫణికిరణ్ కార్యదర్శి. నేను సభ్యుణ్ణి (సమావేశానికి టీ, రెండు సమోసాలు ఇస్తారు).

నియమావళి చాలా సులభం. కబురు ఒక్కరి నుంచి వస్తే పుకారు. ముగ్గురి నుంచి వస్తే పరిశీలనార్హం. పదిమంది నుంచి వస్తే నిజం. దాని మీద ‘చాలాసార్లు పంపబడింది’ అని ఉంటే అంతమందీ ముందే సరిచూసి ఉంటారు కనుక ఇక విచారణే అక్కర్లేదు.

ఆషాఢంలో ఒక సోమవారం ఆ మెసేజీ వచ్చింది. ‘కొల్లేరు చేపల్లో ప్లాస్టిక్ చేపలు! ఉడికిస్తే రబ్బరులా సాగుతున్నాయి. మీవాళ్లందరికీ పంపండి.’ కింద ఒక వీడియో. ఏదో ఫ్యాక్టరీలో యంత్రం రంగురంగుల చేపల్ని అచ్చుపోస్తోంది. వెనకాల ఎవరో మనకు రాని భాషలో మాట్లాడుతున్నారు (రాని భాష కాబట్టి అనుమానించడానికి వీల్లేకపోయింది). మధ్యాహ్నానికల్లా పదకొండుమంది పంపారు. నిజమైపోయింది.

కైకలూరు వైపు నుంచి తెల్లవారి బస్సుకు బేసిన్‌తో వచ్చి, పద్నాలుగేళ్లుగా మా వీధుల్లో చేపలమ్మే పాపమ్మకు ఈ సంగతి తెలియదు. మంగళవారం ఒక్క తలుపూ తెరుచుకోలేదు. బుధవారమూ అంతే. గురువారం సంగతి తెలుసుకుని, ఆవిడ నిండు బేసిన్‌తో నేరుగా విభాగానికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం మెత్తగానే ఉంది.

“అయ్యగారండీ, ఓసారి ఇటు చూడండి. కొర్రమీను కదులుతోంది కదండీ.”

“కదలడం రుజువు కాదు పాపమ్మగారూ. ఫ్యానూ కదులుతుంది,” అన్నారు వెంకట్రాజుగారు.

“ఫ్యాను పులుసులోకి పనికిరాదు కదండీ.”

“అది వేరే విషయం,” అని ఆయన ఫారం తీశారు.

చేప చేపేనని ధ్రువీకరణ కోరు దరఖాస్తు అది. చేప పేరు, తండ్రి పేరు, స్వస్థలం, ఎదురుగా చూస్తూ రెండు చెవులూ కనిపించేలా తీసిన ఫొటోలు రెండు. ఫణికిరణ్ నింపడం మొదలుపెట్టాడు.

“తండ్రి పేరండీ?”

“ఆయనా కొర్రమీనేనండీ,” అంది పాపమ్మ.

చెవుల విషయంలో అధ్యక్షులు మినహాయింపు ఇచ్చారు (విభాగం మానవత్వంతో పనిచేస్తుందనడానికి ఇదే తార్కాణం). శాంపిలుగా ఒక చేపను తీసుకుని, అభ్యంతరాల కోసం మూడు పనిదినాలు బీరువా మీద ఉంచారు.

సోమవారం సమావేశం హాలు బయట, మెట్ల మీద, జేబురుమాళ్లతో జరిగింది. సమోసాలు ఎవరూ ముట్టలేదు.

“ప్లాస్టిక్ కుళ్లదండీ,” అన్నాడు ఫణికిరణ్, ముక్కు మూసుకుని.

అధ్యక్షులు చాలాసేపు ఆలోచించారు. “అయితే ఇది చేపే,” అని ముద్ర వేశారు.

పాపమ్మ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బేసిన్ అంచుకు కట్టి, తన పాత బేరం కనకమ్మగారి గుమ్మం ఎక్కింది. కనకమ్మగారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

“ఇది కుళ్లిపోయిన ఆ చేప తాలూకు కాగితం పాపమ్మా. ఈ చేపది కాదుగా?”

పాపమ్మ వెనక్కి తిరిగి విభాగానికి నడిచింది. ఏమవుతుందో చూద్దామని కనకమ్మగారూ వెంట వచ్చారు. పాపమ్మ బేసిన్ దించి, చేతులు కట్టుకుని నిలబడింది.

“నా చేపకి తండ్రి పేరు అడిగారండీ. చెప్పాను. మరి ఆ మెసేజీకి తండ్రెవరండీ?”

ఇది నియమావళిలో లేని ప్రశ్న. అయినా విచారణ మొదలైంది. వెంకట్రాజుగారికి పంపింది ఫణికిరణ్. ఫణికిరణ్‌కు పంపింది జంగారెడ్డిగూడెంలో ఉండే వాళ్ల పిన్ని. ఆవిడకు ఫోన్ చేశారు. “మీ కాలనీ కనకమ్మగారే కదా పంపారు!” అంది పిన్ని.

“నాకు వెంకట్రాజుగారు పంపారండీ!” అన్నారు కనకమ్మగారు.

అధ్యక్షులు రిజిస్టరు తెరిచి రాశారు: ‘ఈ వార్తను ఎవరూ పుట్టించలేదు. స్వయంభువు.’

కనకమ్మగారు తల దించుకున్నారు. “ఇన్నేళ్లు నీ చేతి చేప తిని, నేనే పంపానా పాపమ్మా?”

“తెలియక పంపారండీ. ముక్కలు పెద్దవి కొట్టమంటారా, చిన్నవా?” అంది పాపమ్మ.

ఆ మధ్యాహ్నం కనకమ్మగారింటి పులుసు వాసన వీధి చివరిదాకా వెళ్లింది. “సాగిందాండీ?” అని పక్కింటివాళ్లు గోడ మీదుగా అడిగారు. “సాగలేదండీ, అయిపోయింది,” అన్నారు ఆవిడ. మర్నాడు మూడో వీధి దాటకముందే బేసిన్ ఖాళీ. పాపమ్మ నవ్వుకుంటూ బస్సెక్కింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ వారంలోనే ఇంకో మెసేజీ వచ్చింది. ‘పాపమ్మ చేపలే అసలైనవి. సైకిలు మీద వచ్చే అబ్రహాం చేపలు ప్లాస్టిక్‌వి.’ పద్నాలుగుమంది పంపారు. పాపమ్మ రెండు బేసిన్లు తేవలసి వచ్చింది. అబ్రహాం సైకిలు ఆగడం మానేసింది.

ఎవరూ పిలవకుండానే పాపమ్మ మళ్లీ విభాగానికి వచ్చింది.

“అబద్ధమండీ. అబ్రహామూ నేనూ ఒకే చెరువు గట్టు మీద కొంటామండీ. ఆయనవీ చేపలేనండీ.”

“ఇందువల్ల మీకు బేరం పెరిగిందిగా?” అన్నారు అధ్యక్షులు, నిజంగానే అర్థం కాక.

“పెరిగిందండీ. అయినా అబద్ధమేనండీ.”

“ఇలా చెబుతున్నవారు మొత్తం ఎంతమంది?”

“నేనొక్కదాన్నేనండీ.”

ఫణికిరణ్ రాసుకున్నాడు. విభాగం తొలి వార్షిక నివేదిక మొన్ననే వెలువడింది. ఈ ఏడాది కాలనీలో వ్యాపించకుండా మేము అరికట్టగలిగిన పుకార్లు: ఒకటి. చెప్పినవారు: పాపమ్మ.