మన ఊరు, వాళ్ల బావి

ఆ శనివారం సాక్చీ బజారుకు వెళ్లి కూరగాయల విత్తనాలు కొనాలని గోవిందరావు అనుకున్నాడు. టాటానగర్‌లో, గోల్‌మురి ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు క్రేన్ నడిపి రిటైరయిన ఆయనకు కంపెనీ క్వార్టరు ఖాళీ చేయడానికి ఇంకా నెలే గడువుంది. అద్దె ఇల్లు వెతకలేదు. పటమ్దా దగ్గర హరిపద మండల్ అనే రైతుకున్న మూడెకరాల బీడు కౌలుకు మాట్లాడి పెట్టుకున్నాడు. ఏడు తెలుగు కుటుంబాలు అక్కడ ఇళ్లు వేసుకుని, తమ తిండి తామే పండించుకుని, పాలకీ కరెంటుకీ కూడా ఎవరి మీదా ఆధారపడకుండా కలిసి బతకాలన్నది పథకం. దానికి 'మన ఊరు' అని పేరు పెట్టి, నియమాలు కూడా రాశాడు. మొదటి నియమం: ఎవరూ ఎవరినీ అనుమానించరాదు.

మర్నాడు ఆదివారం అందరూ వెళ్లి ఎవరికి నచ్చిన ఇంటి స్థలం వాళ్లు ప్రేమగా ఎంచుకోవాలి. స్థలాలు ఏడు. పూడిక తీస్తే నీళ్లిచ్చే బావి ఒక్కటే.

"ఇదిగో, ఆదిబాబు పెళ్లాం నన్నేటడిగిందో తెలుసా?" అంది భార్య నూకాలమ్మ ఇడ్లీలు వడ్డిస్తూ. "బావి పక్క స్థలం ఎవులు తీసుకుంతన్నారని అడిగింది."

"అడిగితే ఏటయింది?"

"ఏటీ అవలేదు. ఆదిబాబుకి ఈయేల డ్యూటీ లేదట. పొద్దున్నే బండేసుకుని ఎల్లిపోనాడట. ఎక్కడికో సెప్పలేదట."

గోవిందరావు నమలడం ఆపేశాడు. ఆదిబాబు టాటానగర్ స్టేషన్‌లో పాయింట్స్‌మ్యాన్, పాతికేళ్ల స్నేహితుడు. అందుకే అతను ఎంతకు తెగిస్తాడో గోవిందరావుకు బాగా తెలుసు. "విత్తనాలకెల్లొత్తాను" అని, వాటికోసం ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని స్కూటర్ తీశాడు. సాక్చీలో ఎక్కడా ఆగకుండా మానగో వంతెన దాటి, డిమ్నా మీదుగా పటమ్దా దారి పట్టాడు.

బీడులో ఆదిబాబు బావి దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నాడు.

"ఏటి సేత్తన్నావిక్కడ?" అన్నాడు గోవిందరావు.

ఆదిబాబు ఉలిక్కిపడ్డాడు. "నడుత్తన్నాను బావా. షుగరుంది కదా, డాక్టరు నడవమన్నాడు."

"ముప్పై కిలోమీటర్లొచ్చి నడవమన్నాడేటి?"

"మరి నువ్వెందుకొచ్చినావు?"

గోవిందరావుకు చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా తప్ప ఏ కారణమూ దొరకలేదు. వంగి రెండు గుప్పిళ్ల మట్టి తీసి అందులో వేసుకున్నాడు. "మట్టి టెస్టుకిద్దారని" అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండగానే ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి తవిటమ్మ దిగింది. భాలుబాసాలో టిఫిన్ సెంటర్ నడిపే ఆవిడకూ మన ఊరిలో ఒక వాటా ఉంది. ఒక చేతిలో కొలత టేపు, ఇంకో చేతిలో నిమ్మకాయలు, పసుపు, కుంకుమ ఉన్నాయి. వాళ్లను చూడగానే టేపు కొంగులో దాచింది.

"గంగమ్మకి మొక్కుంది అన్నియ్యా" అంది అడక్కుండానే.

ఇదంతా గట్టు మీద కూర్చుని హరిపద మండల్ చూస్తున్నాడు. అతను దిగి వచ్చి ముగ్గురినీ విడివిడిగా హిందీలో అడిగాడు. ఒకరు షుగర్ అన్నారు, ఒకరు మొక్కు అన్నారు. గోవిందరావు డబ్బా మూత గట్టిగా బిగిస్తూ, "మిట్టీ టెస్ట్, బైంగన్ కే లియే" అన్నాడు.

హరిపద తల ఊపాడు. గనులున్న ఆ జిల్లాలో పట్నం మనిషి డబ్బాలో మట్టి పట్టుకెళ్తే వంకాయల కోసమని నమ్మేవాడు ఎవడూ లేడు. పైగా ఒకే జట్టు మనుషులు ముగ్గురు మూడు అబద్ధాలు చెప్పారు. ఒకడు అడుగులు కొలిచాడు. ఒకావిడ నిమ్మకాయలు తెచ్చింది. కింద కచ్చితంగా ఏదో ఉంది. రాగి కావచ్చు, బంగారమే కావచ్చు.

ఆదివారం ఏడు కుటుంబాలూ టెంపోలో పులిహోర గిన్నెలతో దిగేసరికి బీడు నిండా జనం. ఊరంతా పలుగులూ పారలూ పట్టుకుని తవ్వుతోంది. పూడిపోయిన బావిలో నలుగురు దిగి ఉన్నారు.

"జమీన్ నహీ దేంగే" అన్నాడు హరిపద, ఇక నేల ఇచ్చేది లేదన్నట్టు చేతులు కట్టుకుని.

గోవిందరావు ముందుకొచ్చాడు. "అరే భాయ్, సచ్ బోల్తా హూఁ. హమ్‌కో ఘర్ బనానా హై, సబ్జీ ఉగానా హై. బస్." ఇల్లు కట్టుకుని కూరలు పండించుకోవాలి, అంతే. జీవితంలో అంత నిజం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. తవ్వేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వి, ఇంకాస్త వేగంగా తవ్వారు.

తిరుగు ప్రయాణంలో ఎవరు ముందు వెళ్లారో బయటపడింది. మానగో వంతెన వచ్చేసరికి మన ఊరు రద్దయింది. పులిహోర ఎవరిది వాళ్లు పట్టుకెళ్లిపోయారు. నెల తిరక్కుండా గోవిందరావు దంపతులు సిద్ధగోరాలో రెండు గదుల అద్దె ఇంట్లో చేరారు. నూకాలమ్మ వారం రోజులు సామాను సర్దింది. తర్వాత, "పోన్లెండి, కుళాయి ఇంట్లోనే ఉన్నాది" అంది. ఆ మాటకే ఆయనకు ఎక్కువ బాధ వేసింది.

చలికాలంలో ఉండబట్టలేక ఒంటరిగా పటమ్దా వెళ్లాడు. స్కూటర్ ఆపి అలాగే నిలబడిపోయాడు. మూడెకరాల్లో క్యాబేజీ, టమాటా, ఆవాలు. బావిలో నిండా నీళ్లు. ఒక పక్క పెద్ద వంటపాక, పేడ గ్యాసు పొయ్యి, పది ఆవులు.

జరిగింది హరిపదే టీ ఇస్తూ చెప్పాడు. ఒక్కడే తవ్వితే దొరికింది దాచేస్తాడని ఊళ్లో ఎవరూ ఎవరినీ వదల్లేదట. అందరూ కలిసే తవ్వారు. భోజనానికి ఇంటికి వెళ్తే మోసం జరుగుతుందని అక్కడే ఒకే కుండలో వండుకున్నారు. పన్నెండు రోజులకు నీళ్లు తప్ప ఏమీ పడలేదు. కానీ నేలంతా గుల్లబారింది, కలిసి తినడం అలవాటయింది. విత్తనాలు చల్లారు. ఇప్పుడు సమితి ఉంది, ఉప్పు తప్ప బయట ఏదీ కొనరు.

గోవిందరావుకు కళ్లు చెమర్చాయి. తను రాసుకున్నవన్నీ ఎదురుగా పచ్చగా నిలబడి ఉన్నాయి. "భాయ్, హమ్ దోనో కో భీ రఖ్ లో" అని, తమ ఇద్దరినీ కూడా చేర్చుకోమన్నాడు చివరికి.

హరిపద ఖాళీ టీ గ్లాసు అందుకున్నాడు. తనకు అభ్యంతరం లేదనీ, కాకపోతే పట్నం మనుషులని ఊరివాళ్లు కాస్త భయపడతారనీ మర్యాదగా చెప్పి ఒక దరఖాస్తు కాగితం ఇచ్చాడు.

దరఖాస్తు పెట్టి మూడు నెలలయింది. ఆయన ఎలాంటి మనిషో సమితి వాళ్లు సిద్ధగోరాలో ఇంకా వాకబు చేస్తున్నారు.